భీమిలి వెళ్ళేటప్పటి స్పీడు మనది కాదు: విశాఖలో ట్రయాథ్లాన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు 43 ఏళ్ళు. ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాను. ఎంవీపీ కాలనీలో ఇల్లు, పదో తరగతి చదివే అబ్బాయి, డెబ్బై దాటిన అత్తయ్య. ఐదేళ్ళ కిందట డాక్టరు నడవమన్నారని బీచ్ రోడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టాను. నడక కాస్తా పరుగైంది, పరుగుకి సైకిలు తోడైంది, చివరికి ఈత కూడా వచ్చి చేరింది. నేను కోచ్‌ని కాను. పోటీల్లో నా పేరు వెతకాలంటే జాబితా కింద నుంచి చూడాలి. అయినా పొద్దున్నే తడి జుట్టుతో సైకిలు తోసుకుంటూ లిఫ్టు ఎక్కే ఆడమనిషి కనిపిస్తే ఎవరైనా ఏదో ఒకటి అడుగుతారు కదా. లిఫ్టులో, రైతుబజార్లో, పెళ్ళి భోజనాల దగ్గర నన్ను అడిగినవే ఇవి.

ట్రయాథ్లాన్ అంటే ఐరన్‌మ్యానేనా?

కాదు. ఈత, సైకిలు, పరుగు ఆపకుండా ఒకదాని తర్వాత ఒకటి చేస్తే అది ట్రయాథ్లాన్. ఐరన్‌మ్యాన్ అందులో అన్నిటికన్నా పేరున్న పొడవైన పోటీ: 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన పూర్తి మారథాన్ 42.2. మనలాంటివాళ్ళు మొదలుపెట్టేది స్ప్రింట్‌తో. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. 25 మీటర్ల పూల్లో లెక్కేస్తే ఈత 30 పొడవులు. దానికి రెట్టింపు ఒలింపిక్ దూరం: 1.5, 40, 10. సిడ్నీ ఒలింపిక్స్‌లో, అంటే 2000లో, ఈ ఆట మొదటిసారి పెట్టారు.

ఐరన్‌మ్యాన్ పుట్టుక కథ మన ఊరివాళ్ళకి నచ్చుతుంది, ఎందుకంటే అందులో నేవీ ఉంది. ఈతగాళ్ళు గొప్పా, సైకిలువాళ్ళు గొప్పా, పరిగెత్తేవాళ్ళు గొప్పా అని హవాయిలో వాదన వస్తే, జాన్ కాలిన్స్ అనే అమెరికన్ నేవీ అధికారి అక్కడి మూడు వేర్వేరు పోటీల దూరాలనూ కలిపేసి ఒకే పోటీ చేశాడు. 1978 ఫిబ్రవరిలో 15 మంది బయల్దేరితే 12 మంది పూర్తిచేశారు. అసలు వాదన మాత్రం ఇప్పటికీ తేలలేదు. మా ఆదివారం బ్యాచ్‌లో వారం వారం నడుస్తూనే ఉంటుంది.

నాకు ఈత రాదు. నలభై దాటాక వస్తుందా?

నాకు 39లో వచ్చింది. మొదటి నెలంతా పూల్లో నా పక్కన ఏడేళ్ళ పిల్లలు ఉండేవాళ్ళు. వాళ్ళు చేపల్లా వెళ్ళిపోతుంటే నేను గోడ పట్టుకుని ముక్కులోంచి బుడగలు వదిలేదాన్ని. సిగ్గుగా ఉండేది. కానీ ఆ బుడగలే అసలు పాఠం.

పెద్దవాళ్ళు మునిగిపోయేది బలం చాలక కాదు, ఊపిరి బిగబట్టడం వల్ల. నీళ్ళలో ముఖం పెట్టగానే ఊపిరి ఆపేస్తాం. తల పైకెత్తిన ఆ ఒక్క క్షణంలోనే వదలడం, పీల్చడం రెండూ చేయబోతాం. కుదరదు. రెండోసారికి దమ్ము, మూడోసారికి భయం. నీళ్ళలో ఉండగా ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఉండాలి, తల పక్కకి తిప్పినప్పుడు పీల్చడం ఒక్కటే మిగలాలి. ఇక రెండోది, తల ఎత్తితే కాళ్ళు మునుగుతాయి. తక్కెడలాగే. చూపు కిందికి, పూల్ అడుగున గీత మీద ఉండాలి.

కార్పొరేషన్ వాళ్ళ పూల్ బీచ్ రోడ్డులోనే ఉంది, ఇంకా చాలా కాలనీల్లో, క్లబ్బుల్లో ఉన్నాయి. బ్యాచ్ టైములు, ఆడవాళ్ళ టైము వెళ్ళి కనుక్కోవడమే మేలు, మారుతూ ఉంటాయి. వారానికి మూడుసార్లు వెళ్తే మూడు నాలుగు నెలల్లో ఆగకుండా 200 మీటర్లు వస్తాయి. ఆ 200 వచ్చాక 750కి వెళ్ళడం మీరనుకున్నంత కష్టం కాదు. సున్నా నుంచి 200 రావడమే కష్టం.

పూల్లో కిలోమీటరు ఈదుతున్నాను. సముద్రంలో దిగొచ్చా?

ఆర్కే బీచ్‌లో వద్దు. ఎంత ఈత వచ్చినా వద్దు. అక్కడ ఒడ్డు నిటారుగా దిగిపోతుంది, రెండడుగుల తేడాలో లోతు మారుతుంది, వెనక్కి వెళ్ళే కెరటం కాళ్ళ కింద ఇసుకను లాగేస్తుంది. ప్రతి ఏడూ ఎవరో ఒకరి పిల్లలు పోతూనే ఉన్నారు. వాళ్ళలో ఈత వచ్చినవాళ్ళూ ఉంటారు.

మావాళ్ళు రుషికొండ వైపు వెళ్తాం, లైఫ్‌గార్డులు ఉండే వేళలో, సముద్రం తెలిసినవాళ్ళతో, నడుముకి నీళ్ళ మీద తేలే రంగు బోయ్ (గాలి సంచి) కట్టుకుని. ఒక్కరే ఎప్పుడూ దిగకండి. వానాకాలంలో, తుఫాన్లు పుట్టే అక్టోబరు, నవంబరుల్లో దిగకండి. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా సముద్రం కాస్త మాట వింటుంది.

నా మొదటిసారి చెబుతాను. పూల్లో 1200 మీటర్లు ఈదుతున్న రోజులవి, గొప్పగానే వెళ్ళాను. కెరటాలు దాటి లోపలికి వెళ్ళి ముఖం నీళ్ళలో పెట్టాను. కింద గీత లేదు. ఏమీ లేదు, ఆకుపచ్చ మసక తప్ప. ఒక్కసారిగా గుండె దడదడా కొట్టుకుంది, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించింది, నేర్చుకున్న ఊపిరి పాఠం ఎగిరిపోయింది. పక్కన ఉన్న అబ్బాయి "అక్కా, వెల్లకిలా తిరగండి, ఆకాశం చూడండి" అన్నాడు. తిరిగాను. ఉప్పునీళ్ళు మనిషిని మంచినీళ్ళకన్నా బాగా తేలుస్తాయని పుస్తకంలో చదివిందే గాని, ఆ రోజు వీపుకి తెలిసింది. రెండు నిమిషాల్లో ఊపిరి కుదుటపడింది. ఆ రోజు ఈదింది మొత్తం 80 మీటర్లు.

ఒడ్డున వల సర్దుకుంటున్న పెద్దాయన అంతా చూసి, "ఏటమ్మా, బయమేసిందా? మంచిదే. బయం లేనోళ్ళనే మేం ఎతకాల్సి వత్తాది" అన్నాడు. ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు, ఇది ప్రాణం కాపాడే మాట. నీరు లోపలికి లాగేస్తుంటే ఒడ్డు వైపు కొట్టుకోకూడదు. అలసిపోయి మునుగుతారు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. ఆ లాగుడు సన్నటి దారిలా ఉంటుంది, దాటితే వదిలేస్తుంది. అప్పుడు కెరటాలతోపాటు ఒడ్డుకి రావాలి. అదీ చేతకాకపోతే తేలుతూ చెయ్యెత్తాలి.

ఇంకా, ప్రతి ఏడెనిమిది బారలకోసారి కళ్ళు నీటిపైకి తెచ్చి ఒడ్డున ఒక గుర్తు చూసుకోండి. నేను కొండ మీది కట్టడం చూస్తాను. ఒకసారి ఆగి ఉన్న పడవని గుర్తుగా పెట్టుకున్నాను. కాసేపటికి అది బయల్దేరింది.

ఆదివారం భీమిలి వెళ్ళేటప్పుడు 28 స్పీడులో వెళ్ళాను. వచ్చేటప్పుడు 19 కూడా రాలేదు. నాకేమైంది?

మీకేం కాలేదు. నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే, నాకు చెప్పాలని ఉన్నదీ ఇదే.

మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా ఉంటుంది. భీమిలి మనకి ఈశాన్యాన. వేసవి మొదలైన దగ్గర్నుంచి వానాకాలం చివరిదాకా గాలి ఎక్కువగా నైరుతి నుంచే వీస్తుంది. అంటే జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్, రుషికొండ, మంగమారిపేట దాటుకుంటూ ఎర్రమట్టి దిబ్బల దాకా మిమ్మల్ని ఎవరో వీపు మీద చెయ్యేసి తోస్తూ ఉంటారు. కానీ చెవుల్లో గాలి హోరు లేదు కాబట్టి ఆ చెయ్యి మీకు తెలియదు. నేనే ఇంత బాగా తొక్కుతున్నాను అనుకుంటారు. ఇంకాస్త వేగం పెంచుతారు. భీమిలిలో టీ తాగి సైకిలు తిప్పగానే అసలు లెక్క మొదలవుతుంది. చలికాలంలో గాలి ఈశాన్యానికి మారినప్పుడు ఇది తిరగబడుతుంది, వెళ్ళడం కష్టం, రావడం సుఖం. నాకు ఆ నెలలే ఇష్టం.

లెక్కలు చూసేదాన్ని కాబట్టి ఇదీ చెబుతాను. వెళ్ళడం 28, రావడం 19 అయితే సగటు 23.5 కాదు. ఒకవైపు 25 కిలోమీటర్లు అనుకుందాం. వెళ్ళడానికి 54 నిమిషాలు, రావడానికి 79. మొత్తం 133 నిమిషాల్లో 50 కిలోమీటర్లు, సగటు 22.6. గాలి ఇచ్చినదానికన్నా ఎక్కువే తిరిగి తీసుకుంటుంది, ఎందుకంటే ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం. పైగా వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు దాని వర్గంతో పెరుగుతుంది, అందుకే 28ని 30 చేయడానికి పడే శ్రమ 18ని 20 చేయడానికి పడేదానికన్నా చాలా ఎక్కువ.

కాబట్టి స్పీడు చూసి తొక్కకండి, ఊపిరి చూసి తొక్కండి. వెళ్ళేటప్పుడు పక్కవాళ్ళతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. వచ్చేటప్పుడు కూడా అంతే శ్రమ, స్పీడు ఎంతొస్తే అంత. నేను నోటుబుక్కులో స్పీడు పక్కన గాలి ఎటు ఉందో కూడా రాసుకుంటాను. 2022 వేసవిలో "ఈ మధ్య బాగా వెనకబడ్డాను" అని రాసుకున్న పేజీలు ఇప్పుడు చూస్తే ప్రతిదాని పక్కనా "నై.", అంటే నైరుతి గాలి, అని ఉంది.

ఏ సైకిలు కొనాలి?

మొదటి ఏడాది మీ దగ్గరున్నదే. గేర్లున్న మామూలు హైబ్రిడ్ సైకిలు ఉంటే స్ప్రింట్ హాయిగా అయిపోతుంది. సన్న టైర్లు, వంగిన హ్యాండిలు ఉండే రోడ్ బైక్ సైకిలు కొనాలనిపిస్తే, పది పోటీలయ్యాక అనిపించడం వేరు, పక్కింటాయన కొన్నాడని అనిపించడం వేరు. హెల్మెట్ మీద మాత్రం పొదుపు వద్దు.

కొన్నది ఏదైనా ఈ ఊళ్ళో ఉప్పుగాలి తినేస్తుంది. బీచ్ రోడ్డు నుంచి వచ్చాక మంచినీళ్ళతో కడిగి, తుడిచి, గొలుసుకి నూనె వెయ్యండి. నాలుగు రోజులు బద్ధకిస్తే ఐదో రోజు గొలుసు బెల్లం రంగులోకి వస్తుంది.

కుక్కలు వెంటపడితే?

దిగిపోండి. సైకిలు మీకూ దానికీ మధ్యలో పెట్టి నడవండి. చాలాసార్లు దానికి ఆసక్తి పోతుంది. పందెం పెట్టుకుంటే అదే గెలుస్తుంది.

సైకిలు దిగి పరిగెత్తబోతే కాళ్ళు నావి కానట్టున్నాయి. జబ్బా?

కాదు, అందరికీ అంతే. గంటసేపు గుండ్రంగా తిరిగిన కాళ్ళని ఒక్కసారిగా ముందుకు వెయ్యమంటే తికమకపడతాయి. దీనికోసమే వారానికోసారి బ్రిక్ చేస్తాం. అంటే సైకిలు దిగిన వెంటనే ఓ పది పదిహేను నిమిషాల పరుగు. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేసే భాగం దీనికి బాగుంటుంది. సైకిలు తోడున్నవాళ్ళకి అప్పజెప్పి కురుసుర సబ్‌మెరీన్ దగ్గర్నుంచి చిన్న చిన్న అంగలతో మొదలుపెట్టండి. మొదటి కిలోమీటరు గడియారం చూడకండి.

రెండు నెలలు బాగా మెరుగుపడ్డాను. ఇప్పుడు ఎంత చేసినా వెనక్కే వెళ్తున్నాను. ఇంకా ఎక్కువ చెయ్యాలా?

తక్కువ చెయ్యాలి. నాకు ఈ మాట ఎవరో చెప్పారు, నేను వినలేదు.

రెండో ఏడాది సంగతి. మొదటి పోటీ మత్తు దిగలేదు. వారానికి ఆరు గంటలు చేసేదాన్ని పదికి పెంచాను. సెలవు రోజు తీసేశాను. మూడు వారాలు అద్భుతం. నాలుగో వారం నుంచి మెట్లెక్కితే ఆయాసం. రాత్రి ఒళ్ళంతా అలసట, నిద్ర మాత్రం లేదు. అబ్బాయి మీద ఊరికే అరిచేదాన్ని. పొద్దున లేవగానే నాడి 58 ఉండాల్సింది 66, 67. అయినా పూల్లో వేగం తగ్గిందని శనివారం అదనంగా ఇంకో గంట పెట్టాను. ఆ సోమవారం మంచం దిగి మడమ కింద పెడితే మేకు గుచ్చుకున్నట్టయింది. పాదం అడుగున ఉండే పట్టీ వాచిందన్నారు. పరుగు మూడు నెలలు బంద్.

శిక్షణలో కండరం చిట్లుతుంది, అది బాగుపడి గట్టిపడేది విశ్రాంతిలో, నిద్రలో. పని పెడుతూ బాగుపడే టైము ఇవ్వకపోతే గోడ తడి ఆరకుండా పై అంతస్తు కట్టినట్టే. ఇప్పుడు మూడు వారాలు చేసి నాలుగో వారం దాదాపు సగానికి తగ్గిస్తాను. ఆ వారం చేతులు దురద పెడతాయి. పెట్టనివ్వండి. మిగతా వారాల్లో కూడా ఎక్కువ భాగం మాట్లాడుకుంటూ చేయగలిగే తేలిక శ్రమే, గట్టి పని రెండు రోజులే. సోమవారం పూర్తి సెలవు, ఆ రోజు దోసెపిండి రుబ్బుకుంటాను.

ఇంతా జాగ్రత్త పడినా బాగాలేని వారాలు వస్తాయి. బాబు పరీక్షలు, మార్చి నెల లెక్కలు, ఇంట్లో జ్వరాలు. శరీరానికి ఆఫీసు అలసట వేరు, సైకిలు అలసట వేరు అన్న తేడా తెలీదు. అన్నీ ఒకే ఖాతాలో పడతాయి.

ఏం తినాలి? చక్కెర పాకంలా ప్యాకెట్లలో వచ్చే జెల్‌లు తప్పనిసరా?

గంటలోపు పనికి ఏమీ అక్కర్లేదు, నీళ్ళు చాలు. అంతకు మించితే గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. ఓ మోస్తరు అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటుంది. నా జేబులో చక్కెరకేళి, నాలుగు ఖర్జూరాలు, చిన్న బెల్లం ముక్క ఉంటాయి. జెల్ వాడతానంటే వాడండి, కానీ పోటీ రోజున మొదటిసారి కాదు. కడుపు ఆ రోజే పగ తీర్చుకుంటుంది.

ముందు రోజు రాత్రి బిర్యానీ కన్నా పెరుగన్నం మేలు. పొద్దున ఇడ్లీ, లేదా రాగి అంబలి. వచ్చాక చద్దన్నంలో మజ్జిగ, ఉల్లిపాయ, రెండు గుడ్లు. మా అత్తయ్యకి ఈ మొత్తం వ్యవహారంలో నచ్చిన భాగం ఇదొక్కటే.

ఈ ఉక్కపోతలో ఎన్ని నీళ్ళు తాగాలి?

మీ లెక్క మీరే కట్టుకోండి, సులువు. గంట పరుగుకి ముందు, తర్వాత తువ్వాలుతో తుడుచుకుని బరువు చూసుకోండి. మే నెలలో నాది 61.4 నుంచి 60.3కి దిగింది, మధ్యలో 400 మిల్లీలీటర్లు తాగాను. అంటే గంటకి లీటరున్నర చెమట. అంతా తిరిగి తాగక్కర్లేదు, దాహానికి తగినంత, అందులో కొంచెం ఉప్పు. ఓఆర్‌ఎస్ వాడితే ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళని ఉందో అన్నే కలపండి. ఉప్పు లేకుండా లీటర్లకి లీటర్లు నీళ్ళు పోసుకోవడమూ ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది.

మన దగ్గర ఎండకన్నా తేమ పెద్ద శత్రువు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, ఇక్కడ అది ఆరదు, కారుతుంది. అందుకే వేసవిలో అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. రెండు వారాల్లో శరీరం కొంత అలవాటు పడుతుంది. ఎవరైనా తడబడుతూ, అసందర్భంగా మాట్లాడితే మాత్రం ఆపి, నీడకి తెచ్చి, నీళ్ళు పోసి చల్లబరుస్తూ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. నలభై దాటినవాళ్ళు మొదలుపెట్టే ముందే గుండె పరీక్ష చేయించుకోండి.

ఇంట్లో ఏమీ అనరా?

అంటారు. "ఏటమ్మా, తెల్లారకుండా ఆ తిరుగుడు? ఎవరైనా తరుముతున్నారా?" అని అత్తయ్య రెండేళ్ళు అడిగింది. మా ఆయన ఏమీ అనలేదు గాని, శనివారం రాత్రి పెళ్ళి రిసెప్షన్లో నేను తొమ్మిదింటికే వాచీ చూస్తుంటే ఆయన ముఖం నేను చూశాను. దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఆదివారం ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో ఉంటానని మాటిచ్చాను, నిలబెట్టుకుంటున్నాను. దాని కోసం పెద్ద దూరాల ఆశ వదులుకున్నాను. గోవాలో 2019లో మొదలైన 70.3 (ఐరన్‌మ్యాన్‌లో సగం దూరం) పోటీ ఉంది, 1.9 ఈత, 90 సైకిలు, 21.1 పరుగు. దానికి తయారవ్వాలంటే ఆదివారాలు మధ్యాహ్నం దాకా కావాలి. బాబు ఇంటర్ అయ్యాక చూద్దాం.

ఆడవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పేది ఏమైనా ఉందా?

బట్టల గురించి మొహమాటం వద్దు. నేను మోకాళ్ళ దాకా ఉండే ఈత దుస్తులు వేసుకుని, పైన టీషర్ట్ తగిలించుకుని వెళ్తాను. చూసేవాళ్ళు రెండు వారాలు చూసి మానేశారు. అసలు విషయం వేరే. శిక్షణ పెంచాక నెలసరి ఆగిపోతే "హమ్మయ్య" అనుకోకండి. తిండి చాలడం లేదన్న హెచ్చరిక కావచ్చు, ఎముకలు దెబ్బతింటాయి. డాక్టర్ని కలవండి, రక్తం, ఐరన్ చూపించుకోండి.

మీ మొదటి పోటీ ఎలా జరిగింది?

వేరే ఊళ్ళో, చెరువులో. ఈత మొదట్లోనే ఎవరిదో మడమ తగిలి కళ్ళద్దాలు ఊడాయి. తప్పు నాదే, కొత్తవాళ్ళు పక్కగా నిలబడాలి, నేను మధ్యలో నిలబడ్డాను. సైకిలు ఏడో కిలోమీటర్లో పంక్చర్. ఇంట్లో పదిసార్లు ట్యూబు మార్చి సాధన చేశాను కాబట్టి గర్వంగా ఎనిమిది నిమిషాల్లో మార్చేశాను. అర కిలోమీటరు వెళ్ళాక మళ్ళీ దిగిపోయింది. తుమ్మముల్లు టైర్లోనే ఉండిపోయింది. పాత ట్యూబు తీశాక టైరు లోపల వేళ్ళతో తడమకుండా కొత్తది ఎక్కించకూడదని అప్పుడు తెలిసింది. వెనకొచ్చిన ఒక కుర్రాడు తన ట్యూబు ఇచ్చి వెళ్ళిపోయాడు, పేరు కూడా అడగలేదు. ఆఖరి నుంచి మూడోదాన్ని. ఆ రాత్రి రైల్లో పడుకున్నాక కూడా కాళ్ళు తొక్కుతూనే ఉన్నాయి.

ఆదివారం మీతో రావచ్చా?

రండి. ఐదింటికి కురుసుర ఎదురుగా ఉంటాం, ఐదూ పదికి బయల్దేరతాం. ముందూ వెనకా లైట్లు, హెల్మెట్, రెండు సీసాల నీళ్ళు. మీ టైరు సైజుకి సరిపడే ట్యూబు మీరే తెచ్చుకోండి, నాది మీకు పట్టదు.